ఆదోని కొండ మీద నీళ్లు

కోట అనగానే మనకు బురుజులు, ఫిరంగులు, కందకాలు గుర్తొస్తాయి. ఎవరు కట్టారు, ఎవరు పట్టుకున్నారు, ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి పోయింది అన్నదే కోట చరిత్ర అని చిన్నప్పటినుంచీ చదువుకున్నాం. ఆ గోడల వెనక నెలల తరబడి చిక్కుకుపోయిన జనం ఏ నీళ్లు తాగి బతికారు, గుర్రాలకూ ఎద్దులకూ ఏం పోశారు, ఏ చెట్టు కింద నడుం వాల్చారు అని అడిగేవాళ్లు తక్కువ. నేను పశ్చిమ కర్నూలు వాణ్ణి. మా వైపు పిల్లనిచ్చే ముందు పొలం ఎంతుందని అడుగుతారో లేదో గానీ, ఊళ్లో నీళ్లెట్లున్నాయని మాత్రం తప్పకుండా అడుగుతారు. అందుకే ఈసారి ఆదోని కోటకు ఆ ప్రశ్నే వెంటబెట్టుకుని బయల్దేరాను. ఈ కోటలో తోటలుండేవా? ఉంటే వాటికి నీళ్లెక్కడివి?

దేవనకొండలో పొద్దున్నే బస్సెక్కితే ఆస్పరి మీదుగా ఆదోని. కార్తీకమాసం. పత్తి తీతలు జోరుగా సాగుతున్నాయి. నల్లరేగడి చేలల్లో ఆడవాళ్లు నడుముకు ఒడి కట్టుకుని వరసగా వంగి ఉన్నారు. రోడ్డు పక్కన బోరాలు నింపుకున్న ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి మార్కెట్ యార్డు వైపు పోతున్నాయి. ఆదోనిని ఒకప్పుడు రెండో బొంబాయి అనేవారు. పత్తి, జిన్నింగ్ మిల్లులు, నూనె మిల్లులు, వాటి వెంట వచ్చిన వ్యాపారం ఆ పేరు తెచ్చిపెట్టాయి. ఇవాళ్టికీ ఊళ్లోకి అడుగుపెట్టగానే తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ ఒకేసారి చెవిన పడతాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లాలోవే. మా తాతల తరానికి కోర్టు పని పడితే బళ్లారి పోవడమే అలవాటు.

ఊరికి అరమైలు దూరం నుంచే కొండలు కనిపిస్తాయి. కోట ఒక్క కొండ మీద లేదు. బారాకిల్లా, తాలిబండ, హజారాసీడీ, ధర్మకొండ, మరొకటి కలిపి ఐదు కొండలు. వాటిలో బారాకిల్లా, తాలిబండ ఎత్తయినవి, కింది మైదానానికి దాదాపు 800 అడుగుల పైన ఉంటాయి. ఈ కొండలన్నీ మట్టిగుట్టలు కావు. గుండ్రటి రాతిబండలు ఒకదాని మీద ఒకటి. గోడలు కట్టినవాళ్లు ఆ బండలను పగలగొట్టలేదు, వాటినే గోడలో భాగం చేసుకున్నారు. రెండు పెద్ద గుండ్ల మధ్య సందు ఉన్నచోట రాళ్లు పేర్చి మూసేశారు. గుండు ఉన్నచోట గోడ ఆగిపోతుంది, గుండు దాటాక మళ్లీ మొదలవుతుంది. కొంతదూరం ఎక్కాక గోడ ఏదో కొండ ఏదో విడదీసి చెప్పడం కష్టమవుతుంది.

రణమండల ఆంజనేయస్వామి గుడికి పోయే భక్తులతో పాటు కొంతదూరం మెట్లెక్కి, తర్వాత కోట దారి పట్టాను. తంగేడు పూసి ఉంది. బండల సందుల్లో సీతాఫలం చెట్లు. కాయలు అప్పటికే అయిపోయాయి, ఎండిన తొడిమలు మాత్రం మిగిలాయి. సగం కొండ ఎక్కాక, రెండు బండల మధ్య మలుపు తిరగగానే, నేను వెతుక్కుంటూ వచ్చింది కనిపించింది. గుంట. ఊరి చెరువంత పెద్దది కాదు. కానీ ఈ ఎత్తున, ఈ రాతి మధ్య, ఇన్ని నీళ్లు చూస్తే మా వైపు మనిషికి కాళ్లు ఆగిపోతాయి. బ్రిటిష్ వాళ్ల కాలంలో రాసిన గెజెటీరులో కూడా దీని ప్రస్తావన ఉంది. కొండ సగంలో మంచినీళ్ల కోనేరు ఒకటుందనీ, అది ఎన్నడూ ఎండదని చెప్పుకుంటారనీ రాశారు.

గట్టున మేకలు కాసుకునే పెద్దాయన కూర్చుని ఉన్నాడు.

"యాడినుంచి అబ్బీ?" అన్నాడు.

"దేవనకొండ నుంచి మామా. ఈ నీళ్లు ఎండాకాలం కూడా ఉంటాయా?"

"తగ్గుతాయి. యండిపోయేది నేను సూళ్లేదు. మా నాయినా సూళ్లేదంట. బండల మీంద పడిన ప్రతి సుక్కా ఈడికే రావాల గదా, యాడికి పోతాది?"

ఆయన చెప్పిన మాట పట్టుకుని చుట్టూ చూశాను. మూడు వైపులా నున్నటి బండలు గుంట వైపే వాలి ఉన్నాయి. వాన పడితే ఆ వాలు మీద నీరు ఇంకదు, నిలవదు, సూటిగా గుంటలోకి జారుతుంది. మట్టి తక్కువ కాబట్టి పూడిక కూడా మెల్లగా చేరుతుంది. ఎవరో ఈ కొండను చూసిన మొదటి చూపులోనే ఈ సంగతి పసిగట్టి ఉంటారు. శత్రువు ఎక్కలేని కొండలు రాయలసీమలో బోలెడున్నాయి. ఎక్కలేని కొండ మీద ఎండని నీళ్లుంటేనే అది కోట అవుతుంది.

ఈ నీళ్లు ఒకసారి రాజ్యాల తలరాతనే మార్చాయి. 1370ల చివరి మాట. బహమనీ సుల్తాను ముజాహిద్ షా విజయనగరం మీదికి దండెత్తి వచ్చి, ఆదోనిని చుట్టుముట్టాడు. తొమ్మిది నెలలు. ఈ ముట్టడిని చరిత్రకారుడు ఫెరిష్తా వివరంగా రాశాడు. ఆయన రాసిన ప్రకారం, లోపలివాళ్లకు నీళ్లు దాదాపు నిండుకున్నాయి. కోట అప్పగించడానికి సిద్ధపడ్డారు. అంతలో వానకాలం వచ్చింది. కొండ మీద గుంటలన్నీ నిండాయి. అదే వాన కింద బయలులో డేరాలు వేసుకున్న సుల్తాను సైన్యానికి శాపమైంది. రేగడి నేల బురదైపోయింది, తిండి కరువైంది, రోగాలు పట్టుకున్నాయి. సుల్తాను ముట్టడి ఎత్తేసి వెనక్కి పోయాడు. పోయేదారిలోనే, 1378లో, సొంతవాళ్ల చేతిలో హతమయ్యాడు.

నల్లరేగడిలో వాన పడితే ఏమవుతుందో మాకు ఒకరు చెప్పనక్కర్లేదు. చెప్పు పెడితే చెప్పు రాదు, బండి దిగితే బండి రాదు. ఆ మట్టిలో గుర్రాలతో, ఏనుగులతో, వేల మంది సైన్యంతో నెలల తరబడి పడి ఉన్నవాళ్ల గతి ఊహించగలను. కింద బురద, పైన మంచినీళ్లు. ఒకే మేఘం రెండు పక్షాలకు రెండు తీర్పులిచ్చింది. ఈ గట్టున కూర్చుని ఆలోచిస్తే ఆదోని చరిత్రలో ఇంతకంటే పెద్ద సంఘటన మరొకటి నాకు కనిపించలేదు. అయినా కోట దగ్గర ఈ ముచ్చట చెప్పే పలక ఒక్కటీ నా కంటబడలేదు.

విజయనగర కాలంలో ఆదోని ఆ సామ్రాజ్యానికి ఉత్తరాన కావలి. రాయచూరు దోవాబు దాటి, తుంగభద్ర దాటి వచ్చేవాడికి ఎదురు నిలిచే కోట. రాజధాని హంపి ఇక్కణ్ణుంచి నైరుతి దిక్కున ఉంది. 1443లో పర్షియా రాయబారి అబ్దుర్ రజాక్ అక్కడికి వచ్చినప్పుడు ఏడు ప్రాకారాల నగరాన్ని చూశాడు. వెలుపలి ప్రాకారాల మధ్య పొలాలు, ఇళ్లు, తోటలు ఉన్నాయని రాశాడు. అక్కడి జనానికి గులాబీలు లేనిదే పొద్దు గడవదనీ, తిండితో సమానంగా చూసుకుంటారనీ కూడా రాశాడు. కోట గోడకూ కోట గోడకూ మధ్య పంట పండించడం, పూలు పెంచడం మనవాళ్లకు కొత్త కాదన్నమాట. ముట్టడి పడితే బయటి పొలం శత్రువుది అవుతుంది, లోపలి పొలం మాత్రం మనదే. తోట అంటే రాజులు షికారు చేసే చోటు మాత్రమే అనుకుంటాం. కరువు నేలలో అది కొట్టు కూడా.

ఆదోనిలో అలాంటి తోట జాడ ఉందా అని కొండల మధ్య పల్లంలో చాలాసేపు తిరిగాను. ఐదు కొండల నడుమ చదునైన నేల ఉంది, మట్టి ఉంది, పైనుంచి నీళ్లు వచ్చే వాలు ఉంది. మొక్క వేస్తే బతికే చోటే. కానీ పాదులు లేవు, కాలువలు లేవు, చిమ్మే గొట్టాలు లేవు. అక్కడక్కడా గోడ పునాదులు, ముళ్లకంప. రాయి నాలుగు వందల ఏళ్లు నిలబడుతుంది. చెట్టుకు నాలుగు వేసవులు నీళ్లు పోయకపోతే చాలు, ఆనవాలు కూడా మిగలదు. మన కోటల్లో తోటల చరిత్ర ఇంత పలచగా ఉండటానికి కారణం ఇదే.

1565లో రక్కసి తంగడి యుద్ధం తర్వాత, విజయనగరాన్ని ఏలిన రామరాయల కింద అధికారిగా పనిచేసినవాడొకడు ఆదోనిలో స్వతంత్రుడయ్యాడు. 1568లో బీజాపూరు సేనాని అంకుశ్ ఖాన్ దాన్ని పట్టుకున్నాడు. అప్పటినుంచి దాదాపు 120 ఏళ్లు ఆదోని బీజాపూరు అధికారుల చేతిలో ఉంది. వాళ్లలో మలిక్ రహిమాన్ ఖాన్ అనే హబ్షీ అధికారి సుమారు 39 ఏళ్లు పాలించాడని చెబుతారు. ఆయన సమాధి తాలిబండ మీదే ఉంది. ఆఫ్రికా నుంచి వచ్చినవాడు, లేదా అక్కణ్ణుంచి వచ్చినవాళ్ల సంతతి, ఆదోని కొండ మీద నలభై ఏళ్లు ఏలి ఇక్కడే మట్టిలో కలిశాడు. దక్కన్ చరిత్రలో హబ్షీల పాత్ర గురించి మన పాఠాల్లో పెద్దగా ఉండదు. ఇక్కడ అది కొండెక్కితే కనిపిస్తుంది.

ఆదోనిని తన పేరుతో ముడివేసుకున్నవాడు మరో హబ్షీ, సిద్దీ మసూద్ ఖాన్. ఈయన కర్నూలు పాలకుడు సిద్దీ జౌహర్ అల్లుడు. 1660లో పన్హాళా కోటలో శివాజీని ముట్టడించిన సిద్దీ జౌహర్ ఆయనే. మసూద్ ఖాన్ 1678 నుంచి 1683 దాకా బీజాపూరు రాజ్యానికే సంరక్షకుడిగా ఉన్నాడు. ఆ రాజ్యం కుప్పకూలుతోందని తెలిశాక తిరిగి ఆదోని వచ్చేశాడు. ఊళ్లో షాహీ జామియా మసీదు ఆయన కట్టించిందే. కొండ దిగి అక్కడికి పోయేసరికి మధ్యాహ్నం నమాజు అయిపోయింది. ముంగిట్లో నలుగురైదుగురు పెద్దవాళ్లు కూర్చున్నారు. రాతి కమానులు ఒకదాని వెనక ఒకటి వరసగా నిలబడ్డాయి. ఆ కమానుల కింద నడుస్తుంటే బయటి బజారు చప్పుడు సన్నబడి, చివరికి వినపడకుండా పోయింది. మీద సున్నం పూతలు ఎన్ని పడినా, రాతి చెక్కడం చెక్కుచెదరలేదు.

ఈ మసీదు గురించి ఒక ముచ్చట ఆదోనిలో తరతరాలుగా చెప్పుకుంటున్నారు, పాత గెజెటీరు కూడా రాసింది. ఔరంగజేబు 1686లో బీజాపూరును, 1687లో గోల్కొండను గెలిచాక తన సేనాని ఘాజియుద్దీన్ ఖాన్ ఫిరోజ్ జంగ్‌ను ఆదోని మీదికి పంపాడు. మసూద్ ఖాన్ లొంగలేదు. కొండ మీది నుంచి కదలలేదు. అప్పుడు ఫిరోజ్ జంగ్ ఫిరంగులను కోట మీదికి కాక మసీదు వైపు తిప్పాడట. ప్రాణం పెట్టి కట్టించుకున్న మసీదు తన కళ్ల ముందు కూలుతుంటే చూడలేక ఖాన్ కోట తాళాలు అప్పగించాడట. ఆ ముచ్చట ఎంతవరకు జరిగిందో గానీ 1688లో కోట మొఘలుల వశమైన మాట నిజం. తొమ్మిది నెలలు దాహాన్ని తట్టుకున్న కోట ఒక కట్టడం మీది ప్రేమకు లొంగిందని ఊరు గుర్తుపెట్టుకుంది. ఓడిపోయినవాణ్ణి ఇంత మర్యాదగా తలచుకునే కథలు అరుదు.

ఇదే మసూద్ ఖాన్ మంత్రాలయం కథలోనూ ఉన్నాడు. మా ఇళ్లల్లో చిన్నపిల్లలకు కూడా తెలిసిన కథ అది. అక్షరం రాని పశువుల కాపరి వెంకన్న, రాఘవేంద్రస్వామిని తలచుకుని నవాబు ఇచ్చిన ఉత్తరం చదివేశాడు, ఆదోనికి దివాను అయ్యాడు. స్వామిని పరీక్షించాలని నవాబు గుడ్డ కప్పిన పళ్లెంలో మాంసం పెడితే, మంత్రజలం చల్లగానే అది పూలూ పళ్లూ అయింది. నవాబు తల వంచి, స్వామి అడిగిన మంచాల గ్రామాన్ని ఇచ్చాడు. తుంగభద్ర ఒడ్డున ఉన్న ఆ మంచాలే నేటి మంత్రాలయం. అక్కడే 1671లో స్వామి బృందావన ప్రవేశం చేశారు. పెద్ద ఊళ్లూ సారవంతమైన భూములూ వద్దని, రాళ్లూ ముళ్లూ ఉన్న మంచాలే కావాలని స్వామి పట్టుబట్టారని భక్తులు చెబుతారు. ఇవాళ ఆ ఊరికి వచ్చే జనాన్ని చూస్తే ఆదోని పాలకులు చేసిన పనులన్నింటిలో ఎక్కువ కాలం ఫలమిచ్చింది ఆ దానమే అనిపిస్తుంది.

మొఘలులు కోటకు ఇంతియాజ్‌గఢ్ అని పేరు మార్చారు. బికనీరు మహారాజు అనూప్ సింగ్‌ను ఇక్కడ అధికారిగా నియమించారు. నన్ను బాగా కలతపెట్టిన అధ్యాయం ఇది. అనూప్ సింగ్ యుద్ధవీరుడే కాదు, పండితుడు, పుస్తకాల పిచ్చి ఉన్నవాడు. సంగీతశాస్త్రం మీద భావభట్టు రాసిన అనూపసంగీతవిలాసం, అనూపసంగీతరత్నాకరం ఆయన ఆశ్రయంలో పుట్టినవే. దక్కన్ యుద్ధాల్లో చెల్లాచెదురవుతున్న తాళపత్రాలు, రాతప్రతులు, కంచు విగ్రహాలు సేకరించి బికనీరు పంపాడు. ఆ విగ్రహాలు ఇప్పటికీ బికనీరు జునాగఢ్ కోటలోని ముప్పైమూడు కోట్ల దేవతల గుడిలో పూజలందుకుంటున్నాయి. పుస్తకాలు అనూప్ సంస్కృత లైబ్రరీలో ఉన్నాయి. ఆదోనిలో చేజిక్కినవని చుక్కలు చుక్కలుగా నాగరి అక్షరాలు కొట్టిన కవచాలు, ఆయుధాలు బికనీరు ఆయుధశాలలో చేరి, కొన్ని అక్కణ్ణుంచి విదేశీ మ్యూజియంలకు పోయాయి. అనూప్ సింగ్ మాత్రం తిరిగి పోలేదు. 1698లో ఆదోనిలోనే కన్నుమూశాడు.

కొల్లగొట్టాడని కోప్పడాలా, కాపాడాడని దండం పెట్టాలా? నా తీర్పు చెబుతాను. ఆ విగ్రహాలు, పుస్తకాలు ఆ రోజుల్లో ఇక్కడే ఉండి ఉంటే కరిగి కాసులయ్యేవి, లేదా పొయ్యిలో పోయేవి. కాబట్టి ఆయనకు దండమే పెడతాను. కానీ ఆదోని పిల్లలకు తమ ఊరి సామాను థార్ ఎడారి ఊళ్లో ఉందన్న సంగతే తెలియకపోవడం తప్పు. ఆ తప్పు అనూప్ సింగ్‌ది కాదు, మనది.

కోట కథలో చుట్టరికాలు చిత్రంగా తిరిగాయి. మసూద్ ఖాన్ చేత తాళాలు ఇప్పించుకున్న ఫిరోజ్ జంగ్ కొడుకే హైదరాబాదు మొదటి నిజాం ఆసఫ్ జా. ఆ నిజాం కొడుకుల్లో ఒకడు బసాలత్ జంగ్. 18వ శతాబ్దంలో ఆదోని ఆయన జాగీరు, 1782లో చనిపోయేదాకా ఇక్కణ్ణుంచే ఏలాడు. గుంటూరు సర్కారు కూడా ఆయనదే. తాత గెలిచిన కోట మనవడికి ఇల్లయింది. ఊరికి పడమర ఆయన సమాధి ఉంది, తల్లి సమాధి పక్కనే. కొడుకు మహబత్ జంగ్ కట్టించాడు.

1786లో టిప్పు సుల్తాన్ వచ్చాడు. బసాలత్ జంగ్ కుటుంబం కోటలోనే ఉంది. నిజాం సైన్యం, మరాఠా సైన్యం ఆదుకోవడానికి వచ్చి, వాళ్లను బయటికి తీసుకుపోయాయి గానీ కోటను వదిలేశాయి. నెల రోజుల ముట్టడితో కోట టిప్పు చేతికి చిక్కింది. ఆయన కోటను ఉంచుకోవాలనుకోలేదు. ప్రాకారాలు పడగొట్టించి, ఫిరంగులు, సామాను గుత్తికి తరలించాడు. ఇవాళ కొండెక్కితే కనిపించే విరుగుళ్లలో ఎక్కువ భాగం వయసు చేసిన పని కాదు, 1786లో మనుషుల చేతులు చేసిన పని. 1800లో నిజాం ఈ ప్రాంతమంతా ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చేశాడు. కోటతో ఇక ఎవరికీ పని లేకుండా పోయింది.

కూలిన కోటకు తోటతో సహా ప్రాణం పోసినవాళ్లు లోకంలో లేకపోలేదు. నెదర్లాండ్స్‌లో ఊట్రెక్ట్ నగరం పక్కన డి హార్ అనే కోట ఉంది. 1391 నాటి కాగితాల్లో దాని పేరు కనిపిస్తుంది. తగలబడి, పాడుబడి, మొండిగోడలు మిగిలాక, 1890లో అది ఎత్యేన్ వాన్ జుయిలెన్ అనే వారసుడికి వచ్చింది. ఆయన భార్య ఎలెన్ రోత్‌షీల్డ్ వంశపు ఆడపడుచు. డబ్బుకు కొదవ లేదు. కైపర్స్ అనే వాస్తుశిల్పి 1892 నుంచి ఇరవై ఏళ్లు పనిచేసి కోటను తిరిగి నిలబెట్టాడు. తోట మొక్కలు పెరిగేదాకా ఆగే ఓపిక యజమానికి లేదు. అందుకని ఊట్రెక్ట్ ప్రాంతం నలుమూలల నుంచి ఎదిగిన చెట్లను, దాదాపు 7000, వేళ్లతో సహా పెకలించి బండ్ల మీద తెచ్చి నాటారు. గులాబీ తోటలు, నీటి కాలువలు, ఫ్రెంచి పద్ధతిలో కత్తిరించిన పొదలు అమర్చారు. ఆ తోట కోసం కోట పక్కనున్న హార్‌జుయిలెన్స్ ఊరినే ఖాళీ చేయించి, కిలోమీటరు దూరాన కొత్త ఊరు కట్టించారు. అందమైన తోటే, కాదనను. అయితే ఊరు లేపి తోట వేసే పద్ధతి మనకొద్దు. ఆదోనిలో జనం కోట ఒడిలోనే ఇళ్లు కట్టుకున్నారు. వాళ్లను కదిలించకుండా చేయగలిగిందే చేయాలి.

అలాంటి పని మన దగ్గరే జరిగింది. గోల్కొండ ఈశాన్యాన నయా ఖిల్లా ఉంది. ఔరంగజేబు మొదటి దాడి తర్వాత 1656లో అబ్దుల్లా కుతుబ్ షా కోటకు చేర్చిన కొత్త ప్రాకారం అది. దాని లోపల పురావస్తు శాఖవాళ్లు తవ్వితే కుతుబ్ షాహీల తోట బయటపడింది. కాలువలు, తొట్లు, మట్టి గొట్టాలు ఒకదానికొకటి అమరిన తీరుతో సహా కనిపించాయి. ఆ ఆవరణలోనే హతియాన్ కా ఝాడ్ అనే బావోబాబ్ చెట్టుంది. ఆఫ్రికా జాతి చెట్టు. నాలుగు వందల ఏళ్లదని చెబుతారు, మాను చుట్టుకొలత ఎనభై అడుగుల పైమాటే. తాలిబండ మీది హబ్షీ సమాధి చూసినప్పుడు నాకు ఆ చెట్టే గుర్తొచ్చింది. తోట పోయిందనుకున్నచోట కూడా మన్ను తీస్తే గొట్టాలు బయటపడతాయని గోల్కొండ రుజువు చేసింది. ఆదోని కొండల మధ్య పల్లంలో ఎవరైనా అంత ఓపికగా మన్ను తీస్తే బాగుండును.

తిరుగు ప్రయాణంలో సూటిగా ఇంటికి పోకుండా పత్తికొండ దాటి ఎర్రగుడి పోయాను. తొలకరి పడితే వజ్రాల కోసం జనం చేలల్లో తలలు వంచుకుని తిరిగే జొన్నగిరి దాని పక్కనే. ఎర్రగుడి గుండ్ల మీద అశోకుడి శాసనాలున్నాయి. భూగర్భ శాస్త్రవేత్త ఒకాయన 1928లో వీటిని గుర్తించేదాకా లోకానికి తెలియదు. చిన్న శాసనాలే కాదు, పద్నాలుగు పెద్ద శాసనాలూ ఇక్కడున్నాయి. వాటిలో రెండోదాన్ని చూడటానికే నేను పోయింది. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశానని, మందుమొక్కలు, దుంపలు, పళ్లచెట్లు లేనిచోటికి తెప్పించి నాటించానని, దారుల వెంట బావులు తవ్వించి చెట్లు పెట్టించానని అశోకుడు అందులో చెప్పుకున్నాడు. చోళ, పాండ్య దేశాల్లో, సింహళంలో, యవన రాజు అంతియోకుడి రాజ్యంలో కూడా ఈ పని జరిగిందన్నాడు.

బండ మీద చెయ్యి ఆనించలేదు, ఆనించకూడదు కూడా. దగ్గరగా వంగి చూస్తే బ్రాహ్మీ అక్షరాలు వేలి గోరంత లోతున, ఎండ పక్కవాటుగా పడినప్పుడు మాత్రమే తేటగా కనిపిస్తాయి. ఉలి ఎక్కడ ఆగిందో, ఎక్కడ మళ్లీ మొదలుపెట్టిందో తెలుస్తుంది. ఇరవై రెండు వందల ఏళ్ల కిందట మా నేల మీద రాతిలో చెక్కిన మాటల్లో చెట్లు నాటించిన మాటా, బావులు తవ్వించిన మాటా ఉన్నాయి. కోటలు తర్వాత వచ్చాయి.

ఆదోని కోటకు ఏం చేయాలని ఎవరైనా అడిగితే నా జవాబు ఇది. పడిపోయిన గోడను సిమెంటుతో నిలబెట్టే పని ఇప్పుడే వద్దు, అది నిపుణులు తేల్చాలి. ముందు కొండ మీది గుంటల్లో పూడిక, ప్లాస్టిక్కు, గాజు పెంకులు తీయించాలి. బండల మీంచి నీరు జారే దారులు మూసుకుపోకుండా చూడాలి. గట్టున వేప, రావి, సీతాఫలం, ఈ ఎండకు ఓర్చుకునే మొక్కలు నాటి, నాటినవాళ్లే మూడు వేసవులు నీళ్లు పోయాలి. 1370ల ముట్టడి కథను తెలుగు, కన్నడ, ఉర్దూ మూడు భాషల్లో రాసి గుంట దగ్గర పెట్టాలి. బికనీరులో ఉన్న ఆదోని విగ్రహాలు, కవచాలు, రాతప్రతుల ఫొటోలు తెప్పించి ఊళ్లో ఒక గదిలో పెట్టాలి. ఇందుకు కోట్లు అక్కర్లేదు. మునిసిపాలిటీ, కాలేజీలు, ఎమ్మిగనూరు, ఆదోని వ్యాపారులు కలిస్తే ఒక్క ఏడాదిలో అయ్యే పని.

మీరు పోవాలనుకుంటే కార్తీకం, మార్గశిరం మంచి నెలలు. పొద్దున్నే ఎక్కండి, తాగే నీళ్లు వెంట తీసుకుపోండి, ఖాళీ సీసా వెంటే కిందికి తెచ్చుకోండి. బండల మీద పేర్లు రాయకండి. పిల్లల్ని తీసుకుపోతే ముందు బురుజు దగ్గరికి కాదు, గుంట దగ్గరికి తీసుకుపోండి. ఆ తొమ్మిది నెలల కథ అక్కడే చెప్పండి.